ఫ్యాక్టరీ అంకెలు వేదవాక్కు కాదు

ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొన్నవాళ్లకు మన ఊళ్లలో మొట్టమొదట దొరికే సలహా, "సెట్టింగుల జోలికి పోకు, కంపెనీవాళ్లు అన్నీ చూసే పెట్టి ఉంటారు" అని. కిట్ అమ్మిన షాపులో అదే చెబుతారు. డ్రమ్స్ నేర్పే మాస్టారూ అదే చెబుతారు. ఏళ్ల తరబడి ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తున్న అన్న కూడా అదే చెబుతాడు. మెత్తగా వాయించిన దెబ్బ పలకడం లేదని కుర్రాడు మొరపెట్టుకుంటే "గట్టిగా కొట్టు" అంటారు. గట్టిగా కొట్టినా బాగుపడలేదంటే "చిన్న కిట్ కదా, ఇంతే వస్తుంది, పెద్దది కొను" అంటారు. అప్పో సప్పో చేసి పెద్దది కొన్నాక కూడా అదే ఇబ్బంది మిగిలితే "ఎలక్ట్రానిక్ అంటేనే ప్రాణం లేనిది" అని చేతులు దులుపుకుంటారు.

వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. వాద్యం పెట్టెలోంచి ఎలా బయటికొస్తే అలా ఒప్పుకోవాలి, సర్దుకోవాల్సింది వాయించే చెయ్యే. ఈ నమ్మకం తప్పు. దాని వల్ల నేర్చుకునే పిల్లల చేతులు పాడవుతున్నాయి, తల్లిదండ్రుల డబ్బు వృథా అవుతోంది. ట్రిగ్గర్ సెట్టింగులు సరిచేసుకోవడం వాయించేవాళ్ల పని. స్టిక్ పట్టుకోవడం నేర్పిన నెలలోనే దాన్నీ నేర్పాలి.

ముందు ప్యాడ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. పైన రబ్బరు ఉన్నా, జాలీలాంటి మెష్ హెడ్ ఉన్నా, దాని అడుగున నాణెమంత పలుచటి బిళ్ల ఉంటుంది. ఇత్తడి రేకు మీద పింగాణీలాంటి పదార్థం అంటించిన ఆ బిళ్లనే పీజో అంటారు. ఒత్తిడి తగిలితే విద్యుత్తు పుట్టించే గుణం కొన్ని స్ఫటికాలకు ఉందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనిపెట్టారు. మన వంటింట్లో టిక్కుమనే గ్యాస్ లైటర్‌లో నిప్పురవ్వ పుట్టేది ఆ గుణంతోనే. డ్రమ్ ప్యాడ్‌లో ఆ బిళ్ల వణికినప్పుడల్లా చిన్న విద్యుత్ తరంగం పుట్టి, కేబుల్ గుండా, శబ్దం పలికించే డబ్బా అయిన మాడ్యూల్‌కు చేరుతుంది.

ఆ బిళ్లకు స్టిక్ తెలియదు, చెయ్యి తెలియదు. దానికి తెలిసింది వణుకు ఒక్కటే. స్నేర్ మీద మీరు వేసిన దెబ్బా వణుకే. పక్క టామ్ మీద పడి, రాక్ గొట్టం గుండా పాకి వచ్చిన అదురూ వణుకే. స్టేజి మీద సబ్‌వూఫర్ చెక్కను కుదిపినా వణుకే. వీటిలో ఏది దెబ్బ, ఏది కాదు, దెబ్బయితే ఎంత బలమైనది, పడింది ఒక్క దెబ్బా రెండు దెబ్బలా అన్నది మాడ్యూల్ తేల్చాలి. అది తేల్చడానికి వాడే కొలతలే ట్రిగ్గర్ సెట్టింగులు. కాబట్టి ఇవి ఎవరో టెక్నీషియన్ కోసం దాచిపెట్టిన సంగతులు కావు. మీ చేతికీ వినిపించే శబ్దానికీ మధ్య కూర్చున్న తీర్పరి అవే.

కంపెనీ ఇంజినీరు తెలివిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆయన ఆ అంకెలు పెట్టిన రోజున ఆయనకు తెలిసే వీలు లేనివి చాలా ఉన్నాయి. మెష్ హెడ్‌ను మీరెంత బిగిస్తారో ఆయనకు తెలియదు. మీ స్టిక్ సన్నదో లావుదో, వాయించేది పదేళ్ల పాపో ముప్పై ఏళ్ల మనిషో తెలియదు. కిట్ మీ ఇంట్లో గచ్చు మీద ఉంటుందో, పెళ్లి పందిట్లో బల్లలు పరిచిన స్టేజి మీద ఉంటుందో తెలియదు. రాక్ బిగింపులు మీరెంత గట్టిగా తిప్పారో అసలే తెలియదు. అందుకని ఎవరింటికి వెళ్లినా మరీ గోల చేయకుండా మోగే ఒక నడిమి అంకె పెట్టి పంపిస్తాడు. ఆయన చేయగలిగింది అంతే, చేయాల్సిందీ అంతే. మిగతా పని మీకు వదిలేశాడు కాబట్టే ఆ మెనూ పెట్టాడు. ముట్టుకోకూడని అంకెలే అయితే వాటిని మార్చడానికి మీటలెందుకు, మాన్యువల్‌లో వాటికోసం అన్ని పేజీలెందుకు?

మాన్యువల్ తెరిచి చూస్తే ఈ సలహా కంపెనీది కానే కాదని తేలిపోతుంది. మెష్ ప్యాడ్‌తో వచ్చే పుస్తకంలో, వాడే ముందు హెడ్ బిగువు చుట్టూ సమానంగా సరిచేసుకోమని ఉంటుంది. మాడ్యూల్ పుస్తకంలో, ఏ సాకెట్‌కు ఏ ప్యాడ్ తగిలించారో ముందు ఎంచుకోమని ఉంటుంది. ఈ రెండో పనిని మన దగ్గర చాలామంది చెయ్యరు. ఒక కంపెనీ మాడ్యూల్‌కు ఇంకో కంపెనీ ప్యాడ్, రబ్బరు ప్యాడ్ ఉన్న చోట మెష్ ప్యాడ్ తగిలించేస్తారు. మాడ్యూల్ మాత్రం ఇంకా పాత ప్యాడే ఉందనుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి తేడాకూ కిట్‌ను తిడతారు.

ఈ సెట్టింగుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది త్రెషోల్డ్. ఇంతకన్నా బలహీనమైన వణుకును దెబ్బగా లెక్కపెట్టవద్దని మాడ్యూల్‌కు చెప్పే అంకె అది. దాన్ని పైకి పెడితే పక్క ప్యాడ్ల అదురుకు ప్యాడ్ తనంతట తాను మోగడం ఆగుతుంది. కానీ దాంతో పాటు మీ మెత్తటి దెబ్బలూ ఆగిపోతాయి. ఎక్కడ ఆపాలన్నది చెవి పెట్టి తేల్చుకోవాల్సిన విషయం.

మియాపూర్‌లో అపార్టుమెంటులో ఉండే ఒక శిష్యురాలి కిట్ సంగతి చెబుతాను. రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద స్నేర్ గట్టిగా పడుతూ, మధ్యమధ్య ఘోస్ట్ నోట్స్ గుసగుసలా వినిపించాల్సిన బీట్ అది. ఘోస్ట్ నోట్‌కు స్టిక్‌ను హెడ్ మీద అంగుళం ఎత్తుకు మించి లేపకూడదు. ఈ అమ్మాయి మూడు నాలుగు అంగుళాలు లేపుతోంది. "అంత ఎత్తు ఎందుకమ్మా?" అంటే, "తక్కువ లేపితే మోగట్లేదు సార్, షాపులో గట్టిగా కొట్టమన్నారు" అంది. నేను స్టిక్ తీసుకుని అంగుళం ఎత్తు నుంచి వదిలాను. స్టిక్ మెష్‌కు తగిలిన చప్పుడు గదిలో వినబడింది, హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. స్నేర్ త్రెషోల్డ్‌ను ఒక్కో అంకె కిందికి దించుతూ, ప్రతిసారీ అదే ఎత్తు నుంచి స్టిక్ వదులుతూ వచ్చాం. ఒక చోట మెల్లగా పలకడం మొదలైంది. ఇంకా దించాం. ఫ్లోర్ టామ్ గట్టిగా కొడితే స్నేర్ తనంతట తాను కిర్రుమనే చోటు వచ్చింది. అక్కడి నుంచి ఒక మెట్టు పైకి ఎక్కించి వదిలేశాం. అదే కిట్, అదే మాడ్యూల్, కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆ అమ్మాయి స్టిక్ దించి వాయిస్తే నోట్లన్నీ వినబడ్డాయి.

ఇది చిన్న విషయం కాదు. నేర్చుకునే రోజుల్లో చేతికి శబ్దమే గురువు. ఏ దెబ్బకు ఏ శబ్దం వచ్చిందో విని, చెయ్యి తనను తాను దిద్దుకుంటుంది. మెత్తటి దెబ్బకు ఎప్పుడూ మౌనమే జవాబుగా వస్తే, చెయ్యి ఆ దెబ్బను వదిలేస్తుంది. రెండేళ్లు అలా సాధన చేసిన పిల్లవాడిని తీసుకెళ్లి అకూస్టిక్ కిట్ ముందు కూర్చోబెట్టండి. వాడికి రెండే వరుసలు తెలుసు, గట్టిగా, ఇంకా గట్టిగా. అప్పుడు అందరూ "చూశారా, ఎలక్ట్రానిక్ మీద నేర్చుకుంటే ఇంతే" అంటారు. ఆ చెయ్యిని పాడుచేసింది ఎలక్ట్రానిక్ కిట్ కాదు. సరిచేయకుండా వదిలేసిన ఒక అంకె, సరిచేయొద్దని చెప్పిన పెద్దలు.

"సరే, అయితే సెన్సిటివిటీ ఫుల్ పెట్టేయ్, అన్నీ మోగుతాయి" అనే ఇంకో వైద్యం ఉంది. సౌండ్ సిస్టం దగ్గర ఉండేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. రోగం కన్నా ఇది ప్రమాదం. డ్రమ్ దెబ్బ బలాన్ని మాడ్యూళ్లు, కంప్యూటర్లు చెప్పుకునే భాష మిడి. 1983 నుంచి వాడుకలో ఉన్న ఆ పద్ధతిలో బలానికి 1 నుంచి 127 దాకా మెట్లున్నాయి. అంతకు పైన మెట్టు లేదు. దెబ్బను ఎన్నో మెట్టుగా లెక్కకట్టాలో చెప్పే సెన్సిటివిటీని చివరి దాకా తిప్పితే మామూలు దెబ్బకే 127 వచ్చేస్తుంది. అక్కడి నుంచి మీరెంత బలం పెట్టినా అదే 127. ఉద్ధృతి రావాల్సిన చోట, పల్లవి ఎత్తుకునే చోట, ఇంక ఎత్తుకోవడానికి ఏమీ మిగలదు. స్నేర్ ప్రతి దెబ్బా ఒకేలా, ఒకే ఎత్తున, టకటకటక మని కొడుతుంది. ఆ మోతను విని "మెషీన్ మెషీనే" అంటారు.

సరైన పద్ధతి చాలా తేలిక. పాట మొత్తంలో మీరు వేసే అన్నిటికన్నా గట్టి దెబ్బ ఏదో అది వేయండి. తెర మీద కనిపించే గీత పై అంచును అప్పుడప్పుడే తాకాలి. మామూలు దెబ్బకే తాకుతుంటే సెన్సిటివిటీ దించాలి, గట్టి దెబ్బకు కూడా తాకకపోతే పెంచాలి. ఇలా చేస్తే 127 మెట్లూ మీ చేతి కింద పరుచుకుంటాయి. యామహా మాడ్యూళ్లలో దీన్నే గెయిన్ అన్నా పని అదే. ఆ తర్వాత కర్వ్. మెత్తగా వాయించేటప్పుడు తేడాలు ఎక్కువ కావాలా, గట్టిగా వాయించేటప్పుడు ఎక్కువ కావాలా అన్నది అది చూసుకుంటుంది. రోలాండ్ మాడ్యూళ్లలో లౌడ్ అనే కర్వ్ కూడా ఉంటుంది. ఎలా కొట్టినా దాదాపు ఒకే జోరు రావాలనుకున్నప్పుడు అది పనికొస్తుంది. నేర్చుకునే పిల్లలకు దాన్ని పెట్టడం మాత్రం పొరపాటు, ఎందుకంటే వాళ్లు నేర్చుకోవాల్సిన తేడాలనే అది చెరిపేస్తుంది.

మాస్క్ టైమ్ దగ్గర నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే దీని వల్ల పిల్లలు అన్యాయంగా తిట్లు తింటున్నారు. ఒక దెబ్బ పలికాక, ఇంత సేపటి దాకా ఇంకో దెబ్బను లెక్కపెట్టకు అని చెప్పే అంకె ఇది. యామహాలో రిజెక్ట్ టైమ్ అంటారు. కిక్ ప్యాడ్‌కు ఇది అవసరం. పెడల్ బీటర్ ప్యాడ్‌కు తగిలి, వెంటనే చిన్నగా ఎగిరి మళ్లీ తగులుతుంది. ఒక్క తొక్కుకు రెండు కిక్కులు మోగుతాయి. మాస్క్ టైమ్ పెంచితే రెండోది ఆగిపోతుంది. చాలా రోలాండ్ మాడ్యూళ్లలో దీన్ని 64 మిల్లీసెకన్ల దాకా పెంచుకోవచ్చు. కిక్‌కు నయమైందన్న సంతోషంలో అదే మందు స్నేర్‌కూ వేసేవాళ్లున్నారు. అప్పుడేం జరుగుతుందో లెక్క వేసి చూడండి.

నిమిషానికి 120 మాత్రల వేగంలో ఒక మాత్ర 500 మిల్లీసెకన్లు. మాత్రకు నాలుగు దెబ్బలు వేస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 125 మిల్లీసెకన్లు. ఎనిమిది వేస్తే 62.5. డబుల్ స్ట్రోక్ రోల్ సాధన చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే వేగం. స్నేర్ మాస్క్ టైమ్ 64 దగ్గర ఉంటే మొదటి దెబ్బ పలుకుతుంది, 62.5 దగ్గర పడ్డ రెండో దెబ్బను మాడ్యూల్ మింగేస్తుంది, మూడోది పలుకుతుంది, నాలుగోది పోతుంది. అంటే ఎనిమిది దెబ్బల్లో సరిగ్గా నాలుగు మాయం. పిల్లవాడు నెలల తరబడి మణికట్టు నొప్పి పుట్టేలా సాధన చేసి రెండో దెబ్బను తెచ్చుకున్నాడు. మాస్టారు హెడ్‌ఫోన్‌లో విని "నీ డబుల్స్‌లో రెండో దెబ్బ రావట్లేదురా" అంటారు. ఆ దెబ్బ వచ్చింది. వాడి చేతి నుంచి వచ్చింది, ప్యాడ్ దాకా వచ్చింది, మాడ్యూల్ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఫ్లామ్ సంగతి ఇంకా ఘోరం. ఫ్లామ్‌లో ముందు ఒక చిన్న దెబ్బ, దాన్ని ఆనుకుని అసలు దెబ్బ పడతాయి. రెండిటి మధ్యా ఉండేది చాలా కొద్ది మిల్లీసెకన్లే. మాస్క్ టైమ్ పెద్దగా ఉంటే పలికేది ముందు వచ్చిన చిన్న దెబ్బ, మాయమయ్యేది అసలు దెబ్బ. గట్టిగా పేలాల్సిన చోట తుస్సుమంటుంది. చెయ్యి తప్పు చేసిందో అంకె తప్పు చేసిందో తెలుసుకోకుండా విద్యార్థిని దిద్దబోయే మాస్టారు, వాడిలో లేని తప్పును వెతుకుతున్నట్టే. నా అభిప్రాయంలో, ఎలక్ట్రానిక్ కిట్ మీద పాఠం చెప్పేవాళ్లు ఈ అంకెలు చూడకుండా విద్యార్థి చేతి గురించి మాట్లాడే అర్హత తెచ్చుకోలేరు.

రీట్రిగ్గర్ క్యాన్సిల్ దీనికి దగ్గర చుట్టమే. మెష్ వదులుగా ఉండి ఒక్క దెబ్బకు చాలాసేపు ఊగుతుంటే, ఆ ఊగును కొత్త దెబ్బగా పొరబడకుండా చూస్తుంది. మరీ పెంచితే వేగంగా వాయించినప్పుడు నోట్లు ఎగిరిపోతాయని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. చాలాసార్లు దీన్ని పెంచే పనే ఉండదు, హెడ్ బిగిస్తే సరిపోతుంది.

క్రాస్‌టాక్ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తెలియాలి. మన దగ్గర ఎలక్ట్రానిక్ తాళవాద్యం అంటే చాలామందికి పూర్తి కిట్ కాదు, ఆక్టాప్యాడే. రోలాండ్ 1985లో తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్ నుంచి ఇప్పటిదాకా దాని రూపం ఒకటే: ఒకే డబ్బా మీద ఎనిమిది ప్యాడ్లు. చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, వినాయకచవితి పందిళ్లలో, భజన మేళాల్లో అదే మోగుతుంది. ఒకే డబ్బా కాబట్టి ఒక ప్యాడ్ అదురు పక్క ప్యాడ్‌కు సులువుగా పాకుతుంది. దాన్ని ఆపడానికి క్రాస్‌టాక్ క్యాన్సిల్ పెంచుతారు. మరీ పెంచితే రెండు ప్యాడ్లు ఒకేసారి కొట్టినప్పుడు బలం తక్కువున్నది పలకదు. ఢోలక్ కుడి పక్క దెబ్బ ఒక ప్యాడ్‌లో, ఎడమ పక్క గుమ్కీ ఇంకో ప్యాడ్‌లో పెట్టుకుని రెండు చేతులా కలిపి కొట్టేవాడికి ఇది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. తీన్‌మార్ కొడుతుంటే కింది మోత మధ్యమధ్య తప్పిపోతుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. ఆ అంకెను అవసరమైనంత మేరకే ఉంచి, స్టాండ్ బిగింపులు సరిచూసుకుంటే చాలావరకు కుదురుకుంటుంది.

ఇక "పెద్దది కొను" అనే మాట. ఇది మధ్యతరగతి ఇళ్ల మీద పడుతున్న భారం. ఖరీదైన కిట్లలో మంచి సెన్సర్లు ఉంటాయి, కాదనను. రోలాండ్ 2016లో టీడీ-50తో తెచ్చిన డిజిటల్ స్నేర్ దెబ్బ ఎక్కడ పడిందో కూడా కనిపెడుతుంది. రబ్బరు ప్యాడ్‌కు ఏ సెట్టింగు మార్చినా ఆ గుణం రాదు. పగిలిన పీజో, అరిగిన స్పాంజి దిమ్మ, లోపల తెగిన కేబుల్ కూడా సెట్టింగులతో బాగుపడవు. కానీ లక్షలు పెట్టి కొన్న మాడ్యూల్‌లో కూడా సెన్సిటివిటీ, త్రెషోల్డ్, మాస్క్ టైమ్ ఉంటాయి. అక్కడ ఇంకా ఎక్కువే ఉంటాయి. చిన్న కిట్‌లో వీటిని ముట్టుకోనివాళ్లు పెద్ద కిట్‌లోనూ ముట్టుకోరు. హైహ్యాట్‌నే తీసుకోండి. స్టాండ్ మీద నిజంగా పైకీ కిందికీ కదిలే హైహ్యాట్ పెద్ద కిట్లతోనే ఎక్కువగా వస్తుంది. దాన్ని స్టాండ్ మీద పెట్టాక ఆఫ్‌సెట్ సరిచేయాలి. చేయకపోతే కాలు పూర్తిగా నొక్కినా సగం తెరిచిన మోతే వస్తుంది. అంత డబ్బు పోసి కొని, ఆ ఒక్క పని చేయక, హైహ్యాట్ బాగాలేదని అమ్ముకున్నవాళ్లను నేను చూశాను.

ప్రాణం లేదన్న మాటకు చరిత్రలో ఒక కారణం ఉంది. 1981లో ఇంగ్లండులో సిమన్స్ కంపెనీ తెచ్చిన ఎస్‌డీఎస్-5 ఆరు పలకల ప్యాడ్లతో ప్రపంచమంతా మోగింది. ఆ ప్యాడ్ల పైభాగం గట్టి పాలీకార్బొనేట్. దాని మీద వాయించి మణికట్లు, మోచేతులు నొప్పి పెట్టాయని డ్రమ్మర్లు మొత్తుకున్నారు. చేతి సూక్ష్మాలు దానికి అంతగా పట్టేవి కావు. అప్పటి ఫిర్యాదు న్యాయమైనది. తర్వాత రబ్బరు వచ్చింది. 1997లో రోలాండ్, హెడ్లు తయారుచేసే రెమో కంపెనీతో కలిసి మెష్ హెడ్‌ను టీడీ-10 మాడ్యూల్ కిట్‌తో తెచ్చింది. బిగువు మార్చుకోగలిగే, స్టిక్‌ను తిరిగి పైకి లేపే హెడ్ అప్పటి నుంచి ఉంది. అంటే వాద్యం వాయించేవాళ్ల వైపు ఇన్నేళ్లుగా నడుచుకుంటూ వచ్చింది. 1981 నాటి గట్టి పలక మీద వేసిన నిందను, ఈ రోజు మెనూ తెరవడానికి ఇష్టపడని బద్ధకానికి అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు.

"సంగీతకారుడికి ఈ అంకెల గొడవ ఎందుకు, అది మెకానిక్ పని" అని చివరగా ఒక మాట అంటారు. గౌరవంగా అంటారు, కళను పైన పెట్టి అంటారు. కానీ ఈ మాట మన సంప్రదాయానికే విరుద్ధం. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మొగానికి తడిపిన రవ్వ ముద్ద తానే పూస్తాడు. ఎంత పూయాలో తన చెవితో తేల్చుకుంటాడు. కుడి మొగాన్ని రాయితో తట్టి తట్టి శ్రుతికి తెచ్చుకుంటాడు, పాట మధ్యలో కూడా సరిచూసుకుంటాడు. డప్పు కళాకారుడు మంట దగ్గర తోలు కాచుకోకుండా ఊరేగింపులో అడుగు పెట్టడు. వాళ్లనెవరూ మెకానిక్కులు అనలేదు. వాద్యం తయారుచేసినవాడు ఎంత గొప్ప పనివాడైనా, ఆ రోజు ఆ చోట ఆ చేతికి దాన్ని సిద్ధం చేసుకునే పని వాయించేవాడిదే. ప్లాస్టిక్ డబ్బాలో తెర, మీటలు ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత కంపెనీకి బదిలీ కాదు.

రోజంతా మెనూల్లో తిరుగుతూ వాయించడం మరిచిపోయేవాళ్లు ఉన్నారన్నది నిజమే. వాళ్లను సమర్థించను. ఇది ఒక పూట పని. ముందు నట్లు, బోల్టులు, హెడ్ బిగువు, కేబుళ్లు. తర్వాత ప్యాడ్ రకం. అప్పుడు సెన్సిటివిటీ, త్రెషోల్డ్. మిగతావాటిని ఇబ్బంది కనబడితేనే కదపాలి. ఒకేలా వేసిన దెబ్బలు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పలుకుతుంటే స్కాన్ టైమ్‌ను కొద్దికొద్దిగా పెంచి చూడాలి. ఎక్కువ పెంచితే శబ్దం ఆలస్యమవుతుంది కాబట్టి దెబ్బలు నిలకడగా పలకగానే ఆపాలి. ఒకసారికి ఒక్క అంకే మార్చాలి. మార్చిన ప్రతిసారీ కళ్లు తెర మీంచి తీసి, నిజంగా ఒక బీట్ వాయించి వినాలి. పాత అంకె ముందే ఎక్కడైనా రాసి పెట్టుకుంటే భయపడాల్సిన పని లేదు, నచ్చకపోతే అక్కడికే తిరిగి వెళ్లొచ్చు. ఏదో పాడైపోతుందన్న భయంతోనే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. ఈ అంకెలు మార్చడం వల్ల కిట్‌కు ఏమీ కాదు.

చర్చిలోనో సంగీత పాఠశాలలోనో ఒకే కిట్ మీద పదిమంది వాయిస్తారు, ఒక్కొక్కరు ఒక్కోలా మారిస్తే ఎలా అని అడిగే నిర్వాహకులున్నారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కిట్ మొత్తానికి పనికొచ్చే సెట్టింగు ఒకటి జాగ్రత్తగా చేసి ఉంచండి, దాన్ని ఎవరూ కదపకుండా చూడండి, ఫర్వాలేదు. కానీ చేతికీ చేతికీ నిజంగా తేడా వచ్చేది స్నేర్, కిక్‌ల దగ్గర. రెండిటికీ సెన్సిటివిటీ, త్రెషోల్డ్ కలిపి నాలుగు అంకెలు. వాయించే ప్రతి ఒక్కరూ తమ నాలుగు అంకెలు ఫోన్‌లో ఫోటో తీసుకుని ఉంచుకోవచ్చు. ఆరాధన మొదలయ్యే ముందు గిటార్ తమ్ముడు వచ్చి తీగలు శ్రుతి చేసుకుంటాడు, కీబోర్డ్ అన్న ట్రాన్స్‌పోజ్ సరిచూసుకుంటాడు. వాళ్లకు ఎవరూ అడ్డు చెప్పరు. డ్రమ్స్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఆ కాసేపట్లో తన నాలుగు అంకెలు సరిచేసుకోబోతే మాత్రం "ముట్టుకోకు" అనే హక్కు ఎవరికీ లేదు.